తలకింత చొప్పున: ఐటీఐలో సీట్లు నింపిన కాలం

పేరు ఒకటి, పని ఒకటి

ఐటీఐలో ఇన్‌స్ట్రక్టర్లుగా చేరబోయే పిల్లలారా, మీ నియామక పత్రంలో "బోధన, ప్రాక్టికల్ శిక్షణ" అని రాసి ఉంటుంది. అది అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం ఎండాకాలం చివర మొదలవుతుంది. ఊళ్ళు తిరిగి పిల్లల్ని పట్టుకురావాలి. సీట్లు నిండకపోతే ట్రేడు మూతపడుతుంది. ట్రేడు మూతపడితే మీరు ఇంకో ఊరికి బదిలీ అవుతారు. నేను గద్వాల నుంచి వనపర్తికి అలాగే వచ్చాను. నాగర్‌కర్నూలుకు అలాగే వెళ్ళాను. మళ్ళీ వనపర్తికి తిరిగొచ్చి అక్కడే పదవీ విరమణ చేశాను. ఈ మూడు ఊళ్ళ మధ్య బస్సు టికెట్టు ఏ ఏడాది ఎంత పెరిగిందో ఇప్పటికీ చెప్పగలను. ఎవరూ అడగరు.

నా ట్రేడు ఎలక్ట్రీషియన్. కొత్తలో వర్క్‌షాపులో స్టూలెక్కి ప్యానెల్ బోర్డు విప్పుతుంటే, కొడుకును చేర్పించడానికి వచ్చిన తండ్రులు కింద నిలబడి "సారు ఎప్పుడొస్తడమ్మా?" అని అడిగేవాళ్ళు. సారు రాడని చెప్పేదాన్ని. కొందరు నమ్మక సాయంత్రం దాకా కూర్చుని చూసి వెళ్ళారు.

అడ్మిషన్ల రోజుల్లో మా పల్లెల్లోకి మూడు రకాల మనుషులు దిగుతారు. మొదటివాళ్ళు ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల పీఆర్ఓలు. ఇంటర్ పాసైన పిల్లల్ని కాలేజీకి చేర్చి తలకింత చొప్పున కమీషన్ తీసుకోవడం వాళ్ళ పని. రెండోవాళ్ళు గుంపు మేస్త్రీలు. పుణె, ముంబై, బెంగళూరుల్లో లేచే బిల్డింగులకు కూలీలను తీసుకుపోతారు. వాళ్ళకూ తలకింత. మూడోవాళ్ళం మేము. మాకు తలకు ఏమీ రాదు, తల తగ్గితే మాత్రం మెమో వస్తుంది.

మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు. పీఆర్ఓ బ్యాగు ఇస్తాడు. మేము అప్లికేషన్ ఫారం ఇచ్చేవాళ్ళం, ఆన్‌లైన్ వచ్చాక అదీ లేదు. ముగ్గురం ఒకే ఇంటి ముందు కలిసిన రోజులు ఉన్నాయి. అలాంటప్పుడు ఇంటివాళ్ళు మేస్త్రీకి మంచం వేసేవాళ్ళు, పీఆర్ఓకు కుర్చీ వేసేవాళ్ళు, నన్ను లోపలికొచ్చి వంటింట్లో ఫ్యాను ఎందుకు తిరగట్లేదో చూడమనేవాళ్ళు.

మీ కొడుకు ఏ ట్రేడు

మా ప్రిన్సిపాల్ ఒకాయన ఉండేవారు. మంచి మనిషి, మైకు దొరకనంత వరకు. ఒక వేసవిలో అమరచింత బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టించి, చేతిపని గౌరవం గురించి, జర్మనీ గురించి, జపాను గురించి గంటసేపు మాట్లాడారు. డిగ్రీ కాగితం జేబులో పెట్టుకుని తిరిగే నిరుద్యోగి ఎలా నడుస్తాడో నడిచి కూడా చూపించారు. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అంతా అయ్యాక వెనక నుంచి ఒక నేతపనివాడు లేచాడు. కళ్ళద్దాలు దారంతో మెడలో వేలాడుతున్నాయి.

"సారూ, మంచిగ జెప్పిండ్రు. మీ కొడుకు ఏ ట్రేడు?"

ప్రిన్సిపాల్ గారి అబ్బాయి హైదరాబాదులో బీటెక్ రెండో సంవత్సరం. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు కాబట్టి ఆ మాటే చెప్పారు. ఎవరూ నవ్వలేదు. నష్టం అక్కడే జరిగింది. నవ్వి ఉంటే ఇద్దరో ముగ్గురో చేరేవాళ్ళు. ఆ ఏడాది అమరచింత నుంచి మాకు ఒక్క అప్లికేషనూ రాలేదు.

తిరుగు ప్రయాణంలో జీపులో ఆయన, ఆ మనిషికి తన కొడుకు సంగతి ఎట్లా తెలిసి ఉంటుందని నన్ను అడిగారు. ఏమీ తెలియకుండానే అడిగాడని నేను చెప్పలేదు. పై అధికారికి చెప్పకుండా మన దగ్గరే ఉంచుకోవలసిన మాటలు కొన్ని ఉంటాయి.

అప్పటి నుంచి ఏ ఊరికి వెళ్ళినా ముందు నా సంగతి చెప్పాకే మిగతాది మాట్లాడేదాన్ని. నా కూతురు కాలేజీలోనే చదివింది, నర్సింగ్. ఆ కాగితం లేకుండా దవాఖానాలో సూది పట్టనివ్వరు కాబట్టి చదివించాను. మోటరు విప్పేవాణ్ణి ఎవరూ కాగితం అడగరు, మళ్ళీ బిగించడం వచ్చా అని అడుగుతారు. కాలేజీకి డబ్బు పెట్టే ముందు చూసుకోవలసిన తేడా ఇది. ఈ నాలుగు మాటలు చెబితే జర్మనీ అవసరం రాలేదు.

పత్రికలో ఏం రాస్తాం

చాలా ఏళ్ళు మా పోటీ ఇంజనీరింగ్ కాలేజీతో అనుకున్నాను. కాదు, పెళ్ళి పత్రికతో.

పాన్‌గల్ దగ్గర ఒక రైతు నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. రెండేళ్ళ చదువు, నామమాత్రపు ఫీజు, అప్రెంటిస్‌లో స్టైపెండు, అన్నిటికీ తల ఊపాడు. చివర్లో, "నౌకరి సంగతి మేం చూస్కుంటం గని మేడం, పత్రికల పేరు పక్కన ఏం రాస్తం?" అన్నాడు. మజ్జిగ తాగి వచ్చేశాను.

మా విద్యార్థుల పెళ్ళి పత్రికలన్నీ దాచి ఉంచాను. పేరు పక్కన ఐటీఐ అని వేయించుకున్నవి మూడు. "ఎలక్ట్రికల్ ఇంజనీర్" అని వేయించుకున్నవి లెక్కకు మించి ఉన్నాయి. వాళ్ళ పరీక్ష పేపర్లు దిద్దిన మనిషిని నేను. అయినా పెళ్ళికి వెళ్ళి, అక్షింతలు వేసి, ఇంజనీరు గారి విందు భోజనం చేసి వచ్చాను. బీటెక్ అని అచ్చువేసిన పత్రికల వెనక ఎన్ని సబ్జెక్టులు మిగిలి ఉన్నాయో ప్రెస్సువాడికి అక్కరలేదు, నాకు మాత్రం ఎందుకు?

అలాగని పత్రికను చిన్నచూపు చూడకండి. తరతరాలుగా పేరు పక్కన ఏమీ లేని ఇంట్లో ఆ రెండు అక్షరాలకు విలువ ఉంది. గౌరవానికి మనుషులు డబ్బు పెడతారు, పెట్టాలి కూడా. ఎంత పెడుతున్నారో, అది ఎవరి ఒంట్లోంచి వస్తుందో తెలిసి పెట్టమని చెప్పడమే మన పని.

ఇది నేను సరిగ్గా నేర్చుకున్నది ఒక్క ఇంట్లో.

బండల మీద లెక్క

జిల్లాలు విడిపోయి వనపర్తి జిల్లా అయిన మరుసటి ఏడాది జూలైలో, పెద్దమందడి దగ్గరి పల్లె నుంచి రూతు అనే అమ్మాయి ఒక్కతే మా ఐటీఐకి వచ్చింది. ఇంటర్ పాసైంది. ఎలక్ట్రీషియన్ ట్రేడే కావాలంది. కుట్టుపని, కంప్యూటరు కూడా ఉన్నాయని చెప్పాను, చెప్పడం నా డ్యూటీ కాబట్టి.

"మా ఊర్ల మోటరు కాలితే వనపర్తి నుంచి మెకానిక్ రావాలె మేడం. ఇయ్యాల రేపు అనుకుంట వారం జేస్తడు. గా వారంల మడి ఎండుతది. నేను ఊర్లనే ఉంట, నేనే జేస్త."

ఇలాంటి జవాబు చెప్పే పిల్లలు ఏడాదికి ఒకరు వస్తే ఎక్కువ. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని వెరిఫికేషన్‌కు రమ్మన్నాను. అమ్మాయి ముఖం మారింది. కాయితాలు ఇంట్లో లేవట. ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ పీఆర్ఓ ఇంటికొచ్చి, ఒకసారి చూసి ఇస్తామని పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ పట్టుకుపోయాడు. బదులుగా కాలేజీ పేరు అచ్చువేసిన నీలం బ్యాగు ఇచ్చాడు. తండ్రి ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టాడు.

తండ్రి పేరు ఏసోబు. కుర్మయ్య అనే గుంపు మేస్త్రీ వెంట ఏటా భార్యతో కలిసి పుణె వెళ్ళి బిల్డింగు పని చేసి వచ్చేవాడు. మోకాళ్ళు అరిగాయి. బరువు మోయవద్దని దవాఖానాలో చెప్పారు. ఇక వెళ్ళకూడదని ఇంట్లో అనుకున్నారు. ఇంతలో కూతురు బీటెక్ అన్నారు. బీటెక్ అంటే ఖర్చు. ఖర్చుంటే మళ్ళీ కుర్మయ్య దగ్గర అడ్వాన్సు తీసుకోవాలి. తీసుకుంటే మళ్ళీ ఇటుకలు మోయాలి. రూతుకు కావలసింది ట్రేడు ఒక్కటే కాదు, తండ్రి ఆ పుణె బస్సు ఎక్కకపోవడం. మా ప్రవేశాల గడువు ఆగస్టు మొదటి శనివారం.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. ఏసోబు చర్చి నుంచి అప్పుడే వచ్చి తెల్లచొక్కాతోనే కూర్చుని ఉన్నాడు. నెమ్మదైన మనిషి. బీటెక్ అన్న మాట పలికేటప్పుడు మాత్రం గొంతు కాస్త లేచేది.

"ఒక్క రూపాయి గూడ లేదన్నడు మేడం. ఫీజు సర్కారే కడ్తదంట."

"బస్సు?"

"బస్సుకుంటది. ఏడాదికి పద్దెనిమిది వేలు."

"పరీక్ష ఫీజు?"

"అది అందరికుంటది గద."

"బిల్డింగు ఫండు?"

ఏసోబు కూతురి వైపు తిరిగాడు. "గది గూడ ఉందా?"

"ఉంది నాయినా. కాయితం ఎనక రాసిండ్రు."

నా హ్యాండ్‌బ్యాగులో సుద్దముక్క ఎప్పుడూ ఉంటుంది. వాళ్ళింటి బండల మీదే కూర్చుని రాశాను. బస్సు పద్దెనిమిది వేలు, పరీక్షలు మూడు వేలు, బిల్డింగు ఫండు ఐదు వేలు, యూనిఫారం, టై, బెల్టు కలిపి పదిహేను వందలు. అన్నీ నాలుగుతో గుణిస్తే లక్షా పదివేలు. ఇందులో ఫీజు లేదు. ఫీజు సర్కారు కట్టడం ఆలస్యమైతే ఏమవుతుందన్న గడి కూడా ఖాళీగా వదిలేశాను.

కుర్మయ్య ఇద్దరికీ కలిపి అడ్వాన్సు ఎంతిస్తాడని అడిగాను. యాభై ఐదు వేలన్నాడు ఏసోబు. తర్వాత కాసేపు బండ మీది అంకెలను చూసి, తనే అన్నాడు, "రెండు అడ్వాన్సులు."

ఇంకో గడి కూడా ఉంది. ఐటీఐలో చేరితే ఆ నాలుగేళ్ళలో చివరి రెండేళ్ళు రూతు సంపాదించుకునేది. అది రాయబోతే రూతు నా చేతిలోంచి సుద్దముక్క తీసేసుకుంది. చూపించవలసింది చూపించాక లెక్క ఆపాలని ఆ రోజు నేర్చుకున్నాను. అంతకుముందు నా లెక్కలు వింటూ తల్లిదండ్రులు నిద్రపోయిన సందర్భాలు ఉన్నాయి.

ఏసోబు ఇంకా ఒప్పుకోలేదు. ఆడపిల్ల పానా పట్టుకుని తిరగడమేమిటన్నాడు. రేపు పెండ్లి పత్రికలో ఏం రాస్తామన్నాడు. పాన్‌గల్ రైతుకు నేను చెప్పలేని జవాబు రూతు చెప్పింది.

"పత్రిక నాడు నువ్వు పందిట్ల నిలవడాలంటే మోకాళ్ళుండాలె గద నాయినా."

ఏసోబు లేచి చెప్పులు వేసుకుంటూ, "కాయితాలు తెద్దాం పా బిడ్డా" అన్నాడు.

బ్యాగుకు కట్టేసిన మనిషి

ఆ కాలేజీ పరిపాలనాధికారిని అందరూ ఏఓ సారు అంటారు. మర్యాదస్తుడు. మంచినీళ్ళు ఇప్పించాడు. సీటు బ్లాక్ అయిపోయిందని, కాయితాలు కావాలంటే నాలుగేళ్ళ ఫీజు కట్టి నిక్షేపంగా తీసుకుపోవచ్చని చెప్పాడు. ఏ కాలేజీ అయినా పిల్లల ఒరిజినల్స్ తన దగ్గర ఉంచుకోకూడదన్న నిబంధన కాపీ ఆయన ముందు పెట్టాను. ఆయన ఆసాంతం చదివి, బాగుందన్నట్టు తల ఊపి, రాసివ్వండి కమిటీలో పెడతామన్నాడు. కమిటీ దసరా తర్వాత కూర్చుంటుందట.

మా కొత్త ప్రిన్సిపాల్‌కు చెబితే, మనకెందుకమ్మా గొడవ, ఇంకో పిల్లను చూడండి అన్నారు. తలలు లెక్కపెట్టేవాళ్ళకు తల మారినా లెక్క మారదు. మీకూ ఇలాంటి సలహా వస్తుంది. విని బయటికి వచ్చేయండి.

ఈలోగా ఏసోబు, పద్ధతి గల మనిషి కాబట్టి, ఈ ఏడు రానని మేస్త్రీకి చెప్పి రావడానికి వెళ్ళాడు. ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెడితే సీజను అయ్యేదాకా ఆ మనిషి అతనివాడు. పెట్టకపోతే, ఎన్ని మాటలు అనుకున్నా సరే, పొద్దున బస్సు దగ్గరికి రాకపోతే ఎవరూ తప్పు పట్టరు. కాగితం ఉండదు. ఈ కట్టుబాటు మంచిదని నేను అనను. అడ్వాన్సు తీరక ఏళ్ళ తరబడి తిరిగిన కుటుంబాలు నాకు తెలుసు. కానీ దానికంటూ ఒక నియమం ఉంది.

ఒక జంట తగ్గిందని కుర్మయ్య ముందు మొహం చిట్లించాడట. తర్వాత, ఒకే పనిలో ఉన్నవాళ్ళ ఆసక్తితో, కాలేజీవాళ్ళు పిల్లకు అడ్వాన్సు ఎంతిచ్చారని అడిగాడట. ఏమీ ఇవ్వలేదు, బ్యాగు ఇచ్చారని ఏసోబు చెప్పాడు. కుర్మయ్య నమ్మలేదు. మర్నాడు శుక్రవారం, గడువుకు ఒక్కరోజు ముందు, తండ్రీకూతుళ్ళను బండి మీద ఎక్కించుకుని నేరుగా మా వర్క్‌షాపుకు వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, భుజాన కండువా, వేలికి లావు ఉంగరం.

"కరెంటు మేడం మీరేనా? నిజమేనా, ఉత్త బ్యాగుకు మనిషిని కట్టేసిండ్రా?"

నిజమేనన్నాను.

"యాభై వేలిచ్చి గూడ నేను ఒగని ఆధార్ కార్డు పట్టుకోలే. ఆల్లు బ్యాగిచ్చి కాయితాలు పట్టుకున్నరా? గిట్లయితే మా లైను ఇజ్జత్ ఏం గావాలె?"

ఆ కాలేజీ మేస్త్రీని తనకు జర చూపించమన్నాడు. ఏఓ సారు మేస్త్రీ కాదని చెప్పబోయి, ఆలోచించి మానేశాను. అరపూట సెలవు రాసిచ్చి బయలుదేరాను.

కాలేజీ గేటు దగ్గర కుర్మయ్య నన్ను ఆపాడు. "మీరు లోపలికి రావొద్దు మేడం. మీరు నిజం చెప్తరు." నేను, ఏసోబు, రూతు వరండాలో ఏఓ గది కిటికీ కింద బల్ల మీద కూర్చున్నాం. కిటికీ తెరిచే ఉంది.

కుర్మయ్య నమస్తే కూడా పెట్టలేదు. "సారూ, మీ పీఆర్ఓకు తలకెంతిస్తరు?"

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఫ్యాను వేగం పెరిగింది. తమరు ఏం చేస్తుంటారని ఏఓ సారు మెత్తగా అడిగాడు.

"మనుషులను తోల్కపోత. నలభై ఇండ్లు నా చేతుల ఉన్నయి. ఇంటర్ పిల్లలు లేని ఇల్లు లేదు."

అటెండరు చాయ్ పళ్ళెంతో మా ముందు నుంచే లోపలికి వెళ్ళాడు, మా వైపు చూడలేదు. ఏఓ సారు చెప్పిన అంకె నాకు వినపడింది. మా ట్రేడుకు ఏడాదికి వచ్చే వైరు, టేపుల బడ్జెట్టు అంతకంటే తక్కువ. కుర్మయ్య అది చాలదన్నాడు. కొంత పెంచారు. ఆలోచిస్తానన్నాడు. బిస్కెట్లు వెళ్ళాయి. అప్పుడు అన్నాడు:

"గని ఒక పరేషాన్ ఉంది సారూ. పెద్దమందడి దిక్కు పిల్ల కాయితాలు మీరు గుంజుకున్నరని ఊర్లన్ని చెప్పుకుంటున్నయి. గా పేరు మోసుకొని నేనెట్ల తిరగాలె? గవి ఇస్తె ఇంటింటికి సూపిస్త, అడిగితె ఇచ్చిండ్రని. గప్పుడు గద తలలొచ్చేది."

కుర్మయ్య చాయ్ జుర్రుకుంటున్న చప్పుడే వినపడింది. తర్వాత ఇనుప బీరువా తలుపు కిర్రుమంది. రూతు నా మోచేయి పట్టుకుంది. ఆ వేళ్ళ గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి.

గేటు దాటాక కుర్మయ్య కవరు రూతు చేతిలో పెట్టాడు. పది మెమో, ఇంటర్ మెమో, టీసీ, మూడూ ఉన్నాయి. ఆ నలభై ఇళ్ళ పిల్లల్ని నిజంగా తెస్తావా అని నేను కుర్మయ్యను అడిగాను.

"అడ్వాన్సు తీస్కున్ననా మేడం?"

నేను లెక్క వదిలే మనిషిని కాదు. ఈ కాయితాలే అడ్వాన్సు కింద లెక్క కదా అన్నాను.

బండి కిక్కు కొట్టబోయినవాడు ఆగాడు. "గవి ఆ పిల్లవి. ఆల్లవి గానిది ఆల్లు నాకెట్ల ఇస్తరు?"

ఆ లెక్కలో తప్పు వెతికాను, దొరకలేదు. చేసిన సాయానికి బదులు ఏం కావాలని అడిగితే, తన కొడుకు హైదరాబాదులో బీటెక్ మూడో సంవత్సరమని, ఎప్పుడైనా కనపడితే మోటర్లు గిట్ల నేర్చుకోమని వానికి చెప్పకుండా ఉంటే చాలన్నాడు. "పత్రికల రాస్కోవాలె గద మేడం."

శనివారం మధ్యాహ్నం రూతు పేరు మా ట్రేడులో ఎక్కింది.

కుర్మయ్యను మంచివాడని రాస్తున్నానని అనుకోకండి. ఆ ఏడు ఏసోబు జాగాలో ఇంకో జంటను పుణె తీసుకుపోయాడు. వాళ్ళ మోకాళ్ళు ఎలా ఉన్నాయో అడిగి ఉండడు.

ఎవరిని పంపాలి, ఎవరిని ఆపాలి

ఇంత చదివాక కాలేజీ వద్దని ఊరూరా చెప్పడం మొదలుపెడితే మీరూ పీఆర్ఓలే అవుతారు, కమీషన్ లేని పీఆర్ఓలు. నర్సు, ఫార్మసిస్టు, టీచరు, ఇలా కాగితం లేకుండా పని ముట్టుకోనివ్వని చోటికి వెళ్ళాలనుకునే పిల్లను ఆపకండి. ఎవరూ చెప్పకుండానే లెక్కల పుస్తకం తెరిచే పిల్లవాణ్ణి కూడా ఆపకండి. నాగర్‌కర్నూలులో అలాంటివాడు ఒకడు మా ఫిట్టర్ ట్రేడుకు వస్తే, నేనే ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఫీజు తారీఖు చెప్పి పంపించేశాను. ఒక తల తగ్గింది. మెమో వచ్చింది. ఫైల్లో పెట్టుకున్నాను.

కాలేజీ బస్సు ఇంటి ముందే ఆగుతుంది కాబట్టి బీటెక్ చదివినవాళ్ళు నాకు తెలిసి పదకొండు మంది. ఆపవలసింది ఇలాంటివాళ్ళను. ఆపినా ఆగరు, బస్సు హారన్ కొడుతుంది. అయినా చెప్పండి.

మన సరుకును కూడా ఉన్నదున్నట్టు చెప్పండి. మా డీజిల్ మెకానిక్ ట్రేడులో ఉన్న ఇంజను నాకంటే ముందు రిటైర్ కావలసింది. దాని మీద నేర్చుకున్న పిల్లలు బయట కొత్త ట్రాక్టరు బానెట్ తెరిచి, ఇంజను ఎక్కడుందని అడిగారు. ఏ ట్రేడులో మిషన్లు పనిచేస్తున్నాయో, ఏ ట్రేడులో ఇన్‌స్ట్రక్టరు డిప్యుటేషన్ మీద వేరే ఊళ్ళో ఉన్నాడో తండ్రికి ముందే చెప్పాలి. చెబితే సీటు పోతుంది. చెప్పకపోతే రెండేళ్ళ తర్వాత ఆ ఊళ్ళో మీ మాట పోతుంది. నేను రెండు రకాలుగానూ చూశాను, సీటు పోవడమే చవక.

నీలం బ్యాగు

రూతు రెండేళ్ళ ట్రేడు, ఒక ఏడాది అప్రెంటిస్ పూర్తిచేసి పెద్దమందడిలో మోటర్ వైండింగ్ షాపు పెట్టింది. మొదట్లో రైతులు మోటరు దించి, "అన్న లేడా బిడ్డా?" అని చుట్టూ చూసేవాళ్ళట. అన్న రాడని చెప్పడం నా దగ్గరే నేర్చుకుంది. ఏసోబు షాపు ముందు స్టూలు మీద కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడుతుంటాడు. పుణె బస్సు ఆ దారినే పోతుంది, ఆయన చెయ్యి ఊపుతాడు.

మూడేళ్ళు షాపు నడిపాక రూతు ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్‌లో నేరుగా రెండో సంవత్సరంలో చేరింది, తన డబ్బుతో. ఇప్పుడెందుకు కాలేజీ అని నేనే అడిగాను. "పెద్ద కాంట్రాక్టులకు డిప్లొమా అడుగుతుండ్రు మేడం. అడిగిండ్రు గన్క చదువుత" అంది. కాలేజీ విలువ గురించి నేను ఇన్ని పేజీలు రాశాను, ఆ అమ్మాయి ఒక ముక్కలో తేల్చింది. పెళ్ళి పత్రిక ఇంకా అచ్చు కాలేదు. అందులో ఏం వేయించాలో తనే చెబుతుందట, ఏసోబు అడగడం మానేశాడు.

పోయిన నెల రూతు ఫోను చేసింది. ఒక కాలేజీ ఆడపిల్లల హాస్టలుకు వైరింగు మొత్తం మార్చే పని తనకు వచ్చిందని, ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో వచ్చి చూడమని అడిగింది. బస్సు దిగి చూస్తే అదే గేటు, అదే వరండా. ఏఓ సారు కూడా ఆయనే, జుట్టుకు మాత్రం రంగు వచ్చింది. మమ్మల్ని గుర్తుపట్టలేదు. మర్యాద తగ్గలేదు, మంచినీళ్ళు ఇప్పించాడు.

"సర్టిఫికెట్లు ఒరిజినల్స్ ఇక్కడ పెట్టిపోమ్మా. ఫైలు కోసం చూసుకుని రేపు ఇచ్చేస్తాం."

"జిరాక్స్ తెచ్చిన సార్. ఒరిజినల్స్ ఇంట్ల ఉంటయి." రూతు చేతిలోని కవరు బల్ల మీద పెట్టింది.

అప్పుడు ఆయన చూపు ఆమె భుజానికి వేలాడుతున్న పనిముట్ల సంచి మీద పడింది. నీలం రంగు వెలిసిపోయింది. గ్రీజు మరకల మధ్య కాలేజీ పేరు ఇంకా చదవడానికి వస్తోంది. ఆయన ముఖం విప్పారింది.

"ఇది మన బ్యాగే. ఇక్కడ చదివినవా అమ్మా?"

"లేద్సార్. నా కాయితాలు చదివినయి, కొన్ని దినాలు."

ఆయనకు అర్థం కాలేదు కానీ నవ్వాడు. పని ఎప్పుడు మొదలుపెడతావని అడిగాడు. సగం అడ్వాన్సు ఇస్తే ఇప్పుడేనంది రూతు. కమిటీలో పెట్టాలన్నాడు. పెట్టండి సార్, కూర్చుంటామంది.

ఇద్దరం వెళ్ళి కిటికీ కింద అదే బల్ల మీద కూర్చున్నాం. దసరా దాకా ఆగవలసిన కమిటీ ఈసారి సాయంత్రానికే కూర్చుంది, హాస్టల్లో పిల్లలు చీకట్లో ఉన్నారు కాబట్టి. మధ్యలో అటెండరు చాయ్ తెచ్చాడు, ఈసారి మాకే. చెక్కు వచ్చాక పేరు, అంకె, తారీఖు, సంతకం నేను ఒక్కొక్కటే చూసి సరిగ్గా ఉన్నాయని చెప్పాను. అప్పటిదాకా రూతు ఆ బ్యాగు జిప్పు తీయలేదు.